తాతగారి ఫోర్ ఫిఫ్టీకి తూటా వెతికే ముందు

పెదవాల్తేరులో మా ఇంటి ఇనప్పెట్టెలో తాతగారి డబుల్ బ్యారెల్ రైఫిల్ ఉంది. లైసెన్సు నా పేరున. గొట్టం మీద 450 (బోరు వెడల్పు, .450 అంగుళాలు) అని మాత్రమే ఉంటుంది. ఆ అంకెను నమ్మి తూటా కోసం తిరగకండి.

1898లో రిగ్బీ వాళ్లు మూడుంబావు అంగుళాల పాత బ్లాక్ పౌడర్ (నల్లమందు) తూటా కేసులోనే కార్డైట్ అనే, ఎక్కువ ఒత్తిడి పుట్టించే నైట్రో మందు నింపి .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తెచ్చారు. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 తూటాలు ఇండియాకి రాకుండా ఆపేసింది. తిరుగుబాటుదారులు ఆ గుళ్లను మార్టినీ-హెన్రీ అనే పాత సైనిక తుపాకుల్లో వాడతారని దాని భయం. అందుకే .465, .470 లాంటి కొత్త సైజులు పుట్టుకొచ్చాయి.

450 అనే అంకె ఒక్కటే ఏ తూటానో చెప్పదు కాబట్టి, ముందు ఛాంబర్‌కి (గొట్టంలో తూటా కూర్చునే చోటుకి) పోత తీయాలి, అంటే కరిగిన లోహం పోసి అచ్చు తీసి కొలవాలి. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, గొట్టాలు విడదీయండి. ఛాంబర్‌లో జిడ్డు, తుప్పు పూర్తిగా పోవాలి. మన ఉప్పుగాలికి లోపల గుంటలు పడితే పోత వాటిలో పట్టేసుకుంటుంది, బలవంతంగా లాగొద్దు. ఛాంబర్ చివర దాటి అర అంగుళం లోపల గుడ్డ బిగించండి. సెరోసేఫ్ అనే లోహం 70 - 88 సెల్సియస్ డిగ్రీల మధ్య కరుగుతుంది, వేడినీళ్ల గిన్నెలో పెడితే చాలు. అందులో సీసం, కాడ్మియం ఉంటాయి. వంటగిన్నెలు వాడొద్దు, కిటికీలు తీసి ఉంచండి. గొట్టం మూతి కిందికి పెట్టి ఒకే ధారగా పోయండి.

గట్టిపడ్డాక మొదటి అరగంట అది కుంచించుకుంటుంది. ఆలోపు మూతి వైపు నుంచి కర్రతో మెల్లగా నెట్టండి. సరిగ్గా గంటకు ఛాంబర్ అసలు కొలతకు వస్తుంది. అప్పుడే మైక్రోమీటర్ పెట్టండి.

మాది మూడుంబావు అంగుళాలే తేలింది. అయినా పని అక్కడితో అయిపోలేదు. బ్లాక్ పౌడర్‌దీ, నైట్రోదీ ఒకే ఛాంబర్ కదా! తేడా చెప్పేది గొట్టం అడుగున ఉండే ప్రూఫ్ ముద్ర, అంటే గొట్టం ఏ మందు ఒత్తిడికి ఆగుతుందో పరీక్షించి వేసే గుర్తు. నైట్రో అనో, ఎన్‌పి (నైట్రో ప్రూఫ్) అనో మాకు కనబడలేదు. 480 గ్రెయిన్ల (సుమారు 31 గ్రాముల) గుండుని తోసే కార్డైట్ ఒత్తిడికి ఆ గొట్టాలను అప్పగించే ప్రశ్నే లేదు.

తూటా కట్టడానికి ఇంట్లో కూర్చోవద్దు, 1959 ఆయుధాల చట్టం ప్రకారం తయారీకి వేరే లైసెన్సు కావాలి. కొలతల కాగితం, ముద్రల ఫోటోలు లైసెన్సున్న గన్‌స్మిత్‌కి చూపించండి. పోతను దాచుకుంటే డబ్బా మీద కొలిచిన తేదీ, గంట రాయండి. రోజులు గడిచేకొద్దీ అది ఉబ్బుతుంది, తర్వాత కొలిస్తే తప్పు లెక్క వస్తుంది.