వట్టి రాళ్లతో గుండ్రటి ఇల్లు – పాఠం 4: కప్పు

గత పాఠంలో గోడను భుజాల ఎత్తుకు తెచ్చి, వాకిలి మీద పొడవాటి రాయి అడ్డం పెట్టి ఆపాం. ఇక కప్పు. అసలు పని ఇదే.

క్రొయేషియాలోని హ్వార్ దీవిలో ఈ పొలం గుడిసెను ‘ట్రిమ్’ అంటారు. దూలం లేదు, సున్నం లేదు, అడుసు కూడా లేదు. సాగు కోసం చేలోంచి ఏరేసిన సున్నపురాళ్లే గోడ, అవే కప్పు. అక్కడి స్టారీ గ్రాడ్ మైదానాన్ని క్రీ.పూ. 384లో పారోస్ దీవి నుంచి వచ్చిన గ్రీకులు చెక్కలుగా పంచుకున్నారు. ఆ హద్దుల్లోనే నేటికీ ద్రాక్ష, ఆలివ్ పండుతున్నాయి. 2008లో యునెస్కో ఆ మైదానాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ట్రిమ్‌లూ అంత పాతవేనని మాత్రం అనుకోకండి.

ఇక్కడి నుంచి ప్రతి వరుసా కింది వరుసకన్నా కాస్త లోపలికి జరగాలి. ఎంత? రాయి పొడవులో మూడో వంతు మించకూడదు. మిగతా రెండు వంతులూ గోడ మీదే ఉండాలి. అంటే రాయిని గోడ వెంబడి కాదు, గోడలోకి పొడవుగా పడుకోబెట్టాలి. నేను మొదటిసారి అందం కోసం పొడవు వైపు గదిలోకి కనిపించేలా రాళ్లను గోడ వెంబడి పెట్టాను. మూడో వరుసకే మొత్తం కూలింది.

రాయి వెనుక కొసను కొద్దిగా కిందికి వాల్చండి, వాన నీరు బయటికి జారుతుంది. ఆ కొస మీద చిల్లరాళ్లు బరువుగా పేర్చండి. లోపలికి తూగబోయే రాయిని పట్టి ఉంచేది ఆ బరువే. రెండు రాళ్ల అతుకు మీద పై వరుస రాయి రావాలి.

ఒక వరుస చుట్టు పూర్తి కానిదే రెండోది మొదలుపెట్టకండి. చుట్టు మూసుకున్నాక రాళ్లు ఒకదాన్నొకటి పక్కల నుంచి నొక్కుకుంటూ నిలుస్తాయి. సగం చుట్టుకు ఆ బలం లేదు. దాని కింద నిలబడవద్దు కూడా. పైన రంధ్రం చిన్నదయ్యాక ఒక్క పలకరాయితో మూసేయవచ్చు.

ఇంటిపని: ఒక ఇటుకను అరుగు అంచు దాటించి మెల్లగా తోయండి. సగం దాటగానే పడుతుంది. ఈసారి దాని వెనుక కొస మీద ఇంకో ఇటుక పెట్టి తోయండి. ఎంత దూరం వచ్చిందో కొలిచి రాసుకోండి. పాఠం 5లో ఆ కొలతతోనే పని.