సీ డ్రైవ్ నిండిపోయిందా? ఖాళీ చేసుకోండిలా

విండోస్ కంప్యూటర్‌లో సీ డ్రైవ్ పట్టీ ఎర్రబడిందంటే ఇక ఆలస్యం చేయకూడదు. చోటు లేకపోతే అప్‌డేట్లు మధ్యలోనే ఆగిపోతాయి. ర్యామ్ చాలనప్పుడు విండోస్ ఆధారపడే పేజ్ ఫైల్ పెరగడానికి వీలుండదు. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ అని కొన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ చూపించేది సుమారు 238 జీబీయే కనుక అనుకున్నదానికన్నా ముందే ఈ పరిస్థితి వస్తుంది. అయినా కంగారుపడి కంటికి కనిపించినవన్నీ తీసేయకండి. ఏది ఎంత చోటు ఆక్రమించిందో ముందు తెలియాలి.

మొదట లెక్క చూడండి

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరవండి. యాప్‌లు, టెంపరరీ ఫైళ్లు, డాక్యుమెంట్లు ఎంతెంత ఉన్నాయో విడివిడిగా కనిపిస్తుంది. అన్నిటికన్నా పెద్దదానితో మొదలుపెట్టండి. పది జీబీల వీడియోలను వదిలేసి చిన్నాచితకా ఫైళ్ల వెంట పడితే శ్రమే మిగులుతుంది.

టెంపరరీ ఫైళ్లు

స్టోరేజ్ పేజీలో టెంపరరీ ఫైళ్లు నొక్కితే వచ్చే జాబితాలో టిక్ పెట్టే ముందు ప్రతి వరుసా చదవండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఇక్కడే కనిపిస్తుంది. పేరుకు టెంపరరీ అన్నా అందులో ఉండేవి మనకు కావలసినవే: హాల్ టికెట్లు, కుల ధ్రువీకరణ పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. దానికి టిక్ పెట్టకండి. మిగతావాటిలో పాత అప్‌డేట్ల అవశేషాలను, థంబ్‌నెయిల్స్‌ను (ఫొటోలు, వీడియోల చిన్న బొమ్మలను) నిశ్చింతగా తీసేయవచ్చు.

ఇటీవలే విండోస్ కొత్త వెర్షన్‌కు మారి ఉంటే ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్’ అనే వరుస కూడా ఉంటుంది. దీని ఒక్కదానివల్లే చాలా జీబీలు తిరిగిరావచ్చు. అయితే తొలగించాక పాత వెర్షన్‌కు వెళ్లలేరు. కొత్తది సరిగ్గా పనిచేస్తోందా అన్న అనుమానం ఉంటే ఆగండి, మామూలుగా 10 రోజుల తర్వాత విండోస్ తానే తీసేస్తుంది.

రీసైకిల్ బిన్‌ను ఒకసారి తెరిచి చూసి ఖాళీ చేయండి. అది ఖాళీ అయ్యేదాకా డిలీట్ చేసిన ఫైళ్ల చోటు తిరిగి రాదు. తర్వాత యాప్‌ల జాబితాను సైజు వారీగా అమర్చి, ఆడని గేములను, వాడని ప్రోగ్రాములను అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

ఫోల్డర్‌ను డీ డ్రైవ్‌కు మార్చడం

నా దృష్టిలో అసలైన పరిష్కారం ఇదే. తొలగించినవి మళ్లీ పేరుకుంటాయి, మార్చిన ఫోల్డర్ మాత్రం ఆపైన కూడా సీ డ్రైవ్ మీద భారం వేయదు. ముందుగా డీ డ్రైవ్‌లో ‘డౌన్‌లోడ్స్’ పేరుతో కొత్త ఫోల్డర్ సృష్టించండి. తర్వాత అసలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్ నొక్కి ఆ కొత్త ఫోల్డర్‌ను ఎంచుకోండి. అప్లై నొక్కాక పాత ఫైళ్లను కూడా తరలించాలా అని అడిగితే ఎస్ అనండి.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి: కొత్త ఫోల్డర్‌ను కాకుండా డీ డ్రైవ్‌నే ఎంచుకుంటే డ్రైవ్ మొత్తం డౌన్‌లోడ్స్‌గా మారిపోతుంది, దాన్ని వెనక్కి తిప్పడం పెద్ద తలనొప్పి. తీసి పెట్టే పెన్ డ్రైవ్‌కు కూడా మార్చకండి.

వీటి జోలికి వెళ్లవద్దు

విండోస్ తన సొంత భాగాలను భద్రపరచుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ (WinSxS) అనే ఫోల్డర్ విండోస్ ఫోల్డర్‌లో భారీగా కనిపిస్తుంది. ఒకే ఫైలు రెండు చోట్ల లెక్కలోకి రావడం వల్ల దాని సైజు ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుంది. అందులో చేత్తో ఏది తీసినా విండోస్ తెరుచుకోకపోయే ప్రమాదం ఉంది. విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే క్లీనర్లు కూడా అక్కర్లేదు. రిజిస్ట్రీని శుభ్రం చేస్తే చెప్పుకోదగ్గ చోటేమీ రాదు, పొరపాటు జరిగితే మాత్రం విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి రావచ్చు.

పని పూర్తయ్యాక స్టోరేజ్ పేజీలోనే ఉన్న, అనవసర ఫైళ్లను దానంతటదే తీసేసే స్టోరేజ్ సెన్స్‌ను ఆన్ చేయండి. దాని అమరికలలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కు ఎదురుగా ‘నెవర్’ అని ఉందో లేదో చూసుకోండి.