స్ప్రింట్ తగ్గిందా? సైకిల్ పక్కన పెట్టే ముందు ఇవి తేల్చుకోండి

ముప్పై అయిదు దాటిన సైకిల్ స్ప్రింటర్ వరసగా రెండు రేసుల్లో చివరి 200 మీటర్లలో వెనకబడితే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు మొదలుపెడతారు: "ఇంక చాల్లే అన్నా, కుర్రాళ్లకి వదిలెయ్". రాత్రి పడుకున్నాక మీ బుర్రలో తిరిగేదీ అదే. అది నిజమే కావచ్చు. కానీ "ఫామ్ పోయింది" అన్న ఒక్క ముక్క పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకండి. స్ప్రింటర్‌లో తగ్గేవి నాలుగు: గరిష్ఠ వేగం, అదే వేగాన్ని రెండోసారి మూడోసారి కొట్టగలగడం, మర్నాటికి కోలుకోవడం, గుంపులో దూరే తెగువ. నాలుగిటికీ చికిత్స వేరు. ఏది తగ్గిందో చూసుకోకుండా అందరూ చేసేది ఒక్కటే, కిలోమీటర్లు పెంచేయడం. స్ప్రింటర్‌కి అంతకన్నా చెరుపు లేదు.

ముందు టెస్ట్. విజయవాడ వాళ్లు ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డుకి తెల్లారేసరికి చేరితే చదునైన రోడ్డు దొరుకుతుంది. గుంటూరు వాళ్లు దగ్గర్లో ట్రాఫిక్ లేని చదును రోడ్డు ఏదైనా చూసుకోండి. 200 మీటర్లు టేపుతో కొలవండి, ఫోన్ జీపీఎస్‌ని నమ్మొద్దు. రెండు చివర్లా అడ్డంగా లావుపాటి సుద్దగీత గీయండి. హ్యాండిల్‌కి ఫోన్ గట్టిగా బిగించి, కెమెరా రోడ్డు వైపు ఉండేలా, సెకనుకి 60 ఫ్రేములు పెట్టి వీడియో ఆన్ చేయండి. ఇంటికొచ్చాక మొదటి గీత దాటిన ఫ్రేమ్ నుంచి రెండో గీత దాటిన ఫ్రేమ్ దాకా లెక్కపెడితే స్టాప్‌వాచ్ పట్టుకున్న ఫ్రెండ్ కన్నా నికరమైన టైమ్ వస్తుంది. బండ్లు రాకుండా చూడ్డానికి ఇద్దరు మనుషులుండాలి, హెల్మెట్ సంగతి చెప్పక్కర్లేదు. మూడుసార్లు కొట్టండి, ఒకే దిశలో, ఒకే గేర్‌తో, టైర్లలో ఒకే గాలితో, మధ్యలో పావుగంట విశ్రాంతి ఇచ్చి.

మొదటిసారే పాత టైమ్ అందకపోతే తగ్గింది గరిష్ఠ వేగం. మొదటిది బాగుండి మూడోది బాగా జారితే వేగం ఉంది, నిలకడ పోయింది. మూడూ బాగున్నా, రెండు రోజుల తర్వాత కూడా కాళ్లు బరువుగానే ఉంటే కోలుకోవడంలో తేడా. ఒంటరిగా టైమ్ బ్రహ్మాండంగా వస్తూ రేసులో మాత్రం ఓడిపోతుంటే కాళ్లని తిట్టుకోకండి, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇక్కడ మన ఊరి ఎండ ఒక మాయ చేస్తుంది. వేసవిలో గాలి పలచబడుతుంది, కండరాలు త్వరగా వేడెక్కుతాయి, అందుకని ఒక్క చిన్న స్ప్రింట్ టైమ్ మీ బలం పెరగకపోయినా మెరుగ్గా కనిపించొచ్చు. మరోపక్క రోహిణీ కార్తెలో రాత్రి నిద్ర పట్టదు, కోలుకోవడం దెబ్బతింటుంది, మూడో స్ప్రింట్ కుప్పకూలుతుంది. కాబట్టి జనవరి టైమ్‌ని జనవరితోనే పోల్చండి. మే నెల టైమ్ చూసి రిటైర్మెంట్ గురించి ఆలోచించేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, జూలై దాకా ఆగండి.

తర్వాత డాక్టర్. నవ్వకండి, చాలామంది వయసు అనుకునేది జబ్బు. బ్రిటిష్ స్ప్రింటర్ మార్క్ కావెండిష్‌నే చూడండి, 2017లో నెలల తరబడి నీరసం వదలనివ్వని ఎప్‌స్టైన్ బార్ వైరస్ పట్టుకుంది, ఆ తర్వాత డిప్రెషన్, 2020కల్లా అతని పని అయిపోయిందని అందరూ రాసేశారు. 2021 టూర్ డి ఫ్రాన్స్‌లో నాలుగు స్టేజీలు (ఒక్కోటి ఒక్కో రోజు రేసు) గెలిచి, బెల్జియం దిగ్గజం ఎడ్డీ మెర్క్స్ పేరిట ఉన్న 34 స్టేజీ గెలుపుల రికార్డుని సమం చేశాడు. 2023లో కాలర్ బోన్ విరిగి మధ్యలోనే ఇంటికి, 2024 జూలై 3న 39 ఏళ్ల వయసులో 35వ స్టేజీ గెలుపు. అందరూ కావెండిష్‌లు కారు, ఒప్పుకుంటా. కానీ మూడు నాలుగు నెలలు నీరసం వదలకపోతే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, విటమిన్ డి, మూడు నెలల షుగర్ చూపించుకోవడానికి అయ్యే ఖర్చు ఒక మంచి టైర్ ఖరీదు కన్నా పెద్ద ఎక్కువేం కాదు. నలభై దాటితే జిమ్‌లో బరువులు ఎత్తే ముందే గుండె పరీక్ష కూడా. ఛాతీ బిగుసుకుపోయినా, కళ్లు తిరిగినా ఆ రోజుకి సైకిల్ దిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, మొండితనం వద్దు.

మన దగ్గర చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. ఫుల్‌గా తొక్కుతున్నప్పుడు ఒక్క కాలు మాత్రమే, తొడ నుంచి పిక్క దాకా, చచ్చుబడినట్టయి, ఆపిన కొద్ది నిమిషాలకే మామూలైపోతోందా? అది వయసు కాదు, కండరం పట్టేయడమూ కాకపోవచ్చు. ఏళ్ల తరబడి ముందుకి వంగి తొక్కేవాళ్లలో కొందరికి తుంటి దగ్గర కాలికి వెళ్లే ధమని గోడ మందమై రక్తం సరిగా అందదు. కూర్చోబెట్టి చూస్తే అన్నీ నార్మల్‌గానే ఉంటాయి, అందుకే వ్యాస్కులర్ సర్జన్ (రక్తనాళాల డాక్టర్) దగ్గరికి వెళ్లి "బాగా తొక్కినప్పుడే వస్తుంది, వ్యాయామం చేయించి వెంటనే చూడండి" అని అడగాలి.

అంతా బాగుంది, నిజంగా వయసే అని తేలిందనుకోండి. వయసుతో ముందు సన్నబడేవి వేగంగా సంకోచించే కండర తంతువులు, స్ప్రింటర్ బతికేదే వాటి మీద. ముందు పెడల్ దగ్గర 50 పళ్ల చైన్‌రింగ్, వెనక 14 పళ్ల చక్రం వేస్తే పెడల్ ఒక్క చుట్టుకి దాదాపు ఏడున్నర మీటర్లు వెళ్తాం, అంటే గంటకి 60 కిలోమీటర్ల వేగానికి నిమిషానికి 133 చుట్లు తిప్పాలి. ఆ తిప్పుడే ముందు తగ్గుతుంది. ఒక పన్ను పెద్ద గేర్ (వెనక 14కి బదులు 13) వేసి చూడండి, పరుగు మీద ఉన్నప్పుడు లాభం, ఆగి ఉన్నచోటు నుంచి స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం నష్టం.

ట్రైనింగ్‌లో చేయాల్సింది తగ్గించడం. వారానికి రెండు రోజులే స్ప్రింట్లు, ఒక్కోరోజు ఆరేడుకి మించొద్దు, ఒక్కోటి పది సెకన్లలోపు, మధ్యలో కనీసం అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలు కుర్రాళ్లు నవ్వినా సరే ఊరికే తిరగండి. టైమ్ పడిపోవడం మొదలవగానే ఆ రోజుకి సైకిల్ గోడకి ఆనించేయాలి. ఇంకో రెండు రోజులు జిమ్, స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, మూడు నుంచి అయిదు రెప్‌లు వచ్చేంత బరువు, పద్ధతి తెలిసిన మనిషి పక్కన ఉండాలి. మిగతా రోజులు హాయిగా మాట్లాడుకుంటూ గంట సేపు తొక్కడం, ఒకరోజు పూర్తిగా ఖాళీ. ఆదివారం బ్యాచ్‌తో కొండవీడు ఘాట్ ఎక్కి ఫొటోలు దిగొచ్చు, కాదనను, కానీ దాన్ని స్ప్రింట్ ట్రైనింగ్ లెక్కలో రాసుకోవద్దు.

తిండి గురించి ఒక్క ముక్క. మూడు ఇడ్లీ, అల్లం చట్నీతో టిఫిన్ అయిపోయిందంటే ఆ పూట ప్రొటీన్ దాదాపు లేనట్టే. వయసు పెరిగే కొద్దీ పూటకి కనీసం 25, 30 గ్రాములు అందాలి, నాలుగు గుడ్లు తింటే 24 గ్రాములు. శాకాహారులు పెసరట్టు, ముద్దపప్పు, పెరుగు, పనీర్ అని ప్లాన్ చేసుకోక తప్పదు. జిమ్‌లో ఎవరో "ఒక్క టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ అన్నా, పాత ఊపు వచ్చేస్తుంది" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) టెస్టులో దొరికితే నాలుగేళ్ల దాకా నిషేధం పడొచ్చు, 36లో నాలుగేళ్లంటే ఇంక ఏముంటుంది?

తెగువ పోయినవాళ్ల సంగతి. పడి ఎముక విరిగాక, ఇంట్లో పిల్లలు పుట్టాక, ఇంటి ఈఎంఐ మొదలయ్యాక, చెయ్యి తనంతట తానే బ్రేక్ మీదికి వెళ్తుంది. దీనికి బరువులు పనికిరావు. బాగా నమ్మకమున్న ఇద్దరు ఫ్రెండ్స్‌తో గడ్డి మైదానంలో నెమ్మదిగా తొక్కుతూ భుజం భుజం రాసుకోవడం, మోచేతులు తగిలించుకోవడం ప్రాక్టీస్ చేయండి. పడినా దెబ్బ తగలనంత నెమ్మదిగా. నెలకి కొంచెం కొంచెం వేగం పెంచుకుంటూ పోతే భయం దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే గుంపు రేసులు వదిలేసి, ఒంటరిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్ వైపు వెళ్లండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఈవెంట్ మార్చుకోవడం చాలామంది ఆలోచించని దారి. లండన్ 2012 ఒలింపిక్స్‌కి బ్రిటిష్ ట్రాక్ సైక్లిస్ట్ క్రిస్ హోయ్‌కి 36 ఏళ్లు. దేశానికి ఒక్కరే కావడంతో వ్యక్తిగత స్ప్రింట్ చోటు అతని టీమ్‌మేట్ జేసన్ కెన్నీకి వెళ్లింది. హోయ్ టీమ్ స్ప్రింట్, కెయిరిన్‌లలో దిగి రెండు స్వర్ణాలు తెచ్చుకున్నాడు. కెయిరిన్ అంటే మోటార్ బండి మీద ముందు వెళ్లే పేసర్ వెనక అందరూ తొక్కి, చివర్లో స్ప్రింట్ కొట్టే రేసు. అందులో పేసర్ పక్కకి తప్పుకున్నాక మిగిలే మూడు ల్యాపుల్లో ఎవరి చక్రం వెనక ఉండాలో తెలిసిన బుర్రకి విలువుంది. స్టార్ట్ ఇంకా గట్టిగా ఉండి దమ్ము తగ్గినవాళ్లకి టీమ్ స్ప్రింట్‌లో మొదటి మనిషి పని సరిపోతుంది, తొక్కాల్సింది ఒక్క ల్యాపే. ఇంకోటి పారా సైక్లింగ్‌లో పైలట్. అంటే చూపు లేని రైడర్‌తో టాండమ్ (ఇద్దరు తొక్కే సైకిల్) మీద ముందు కూర్చునేవాడు. సిడ్నీ 2000 ఒలింపిక్స్‌లో టీమ్ స్ప్రింట్ రజతం గెలిచిన క్రెయిగ్ మెక్లీన్, 2012 పారాలింపిక్స్‌లో ఆంథనీ కాప్స్‌కి పైలట్‌గా స్వర్ణం గెలిచేసరికి 41 ఏళ్లవాడు. 35 దాటినవాళ్లకి యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) మాస్టర్స్ ట్రాక్ పోటీలు కూడా ఉన్నాయి. ట్రాక్ అలవాటు పోకూడదనుకుంటే హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్ (సైకిల్ రేసుల ట్రాక్) ఉంది, బయల్దేరే ముందు ట్రాక్ వాడుకోనిస్తున్నారో లేదో కనుక్కోండి.

ఇక ఉండాలా మానాలా. ఒక సీజన్ గడువు పెట్టుకోండి, తేదీతో సహా కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి, మీ దగ్గర ఉంచుకుంటే దాన్ని దిద్దేస్తారు. ఏ టైమ్ వస్తే ఇంకో ఏడాది, ఏది రాకపోతే ఆపేయాలి అన్నది ఇప్పుడే రాయాలి, రేసు ఓడిన సాయంత్రం కాదు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగంలో ఉన్నవాళ్లు పోటీలు మానేస్తే డ్యూటీ, సెలవులు ఎలా మారతాయో ఆఫీసులో ముందే అడగండి. కోచింగ్ వైపు రావాలంటే పటియాలా ఎన్‌ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) కోర్సు అర్హతలు, వయసు పరిమితి ఈ ఏడాదే చూసుకోండి. మెడల్ సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఎక్కడున్నాయో వెతికి పెట్టుకోండి, సగం మందికి అవి బీరువాలో ఏ అరలో ఉన్నాయో తెలియదు.