పప్పు లోఫ్ ముక్క విరగకుండా రావాలంటే

ఓవెన్‌లో పప్పు లోఫ్ (బ్రెడ్‌లా కాల్చి ముక్కలుగా కోసుకునే పప్పు వంటకం) చేసినప్పుడు కత్తి పెట్టగానే ముక్క నిలబడక ముద్దగా జారిపోవడానికి కారణం చాలాసార్లు ఉడికిన పప్పులో మిగిలిపోయిన నీరే. పొట్టుతో ఉన్న ఒక కప్పు మసూర్ పప్పును కుక్కర్‌లో కాకుండా విడిగా గిన్నెలో, గింజ వేళ్ల మధ్య నలిగేంతవరకే ఉడికించి, చిల్లుల గిన్నెలో 10 నిమిషాలు వార్చాలి. అందులో సగం మాత్రమే మెదిపి, వేయించిన ఉల్లిపాయ, క్యారెట్ తురుము, ఉప్పు, కారం, ముప్పావు కప్పు ఓట్స్, గుడ్డుకు బదులుగా 3 పెద్ద చెంచాల నీటిలో నానబెట్టిన ఒక పెద్ద చెంచాడు అవిసె గింజల పొడి కలిపితే, పిండి ఉండ కట్టేంత గట్టిగా వస్తుంది. నా మటుకు చిటికెడు వాము కూడా ఉండాల్సిందే. 180 డిగ్రీల సెల్సియస్ వద్ద 40 నిమిషాలు కాల్చాక, ఎంత ఆకలిగా ఉన్నా పావుగంట ఆగి కోయాలి.