పాత ఫెండర్ గిటార్ కొనేముందు లోపలి పాట్ కోడ్ చదవండి

తిరుపతి, చిత్తూరు వైపు పాత ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర ఎలక్ట్రిక్ గిటార్ అమ్మకానికి వస్తే, తల మీది ఫెండర్ (అమెరికా గిటార్ కంపెనీ) పేరు చూసి బేరం కుదుర్చుకోకండి. ఆ స్టిక్కరు ఎవరైనా అతికించొచ్చు. సీరియల్ నంబరున్న ప్లేటు కూడా నాలుగు స్క్రూలు విప్పితే చేతిలోకి వచ్చేస్తుంది.

తీగలు వదులు చేసి, పిక్‌గార్డ్ (ముందువైపు బిగించిన పలక) విప్పి, వైర్లు లాగకుండా మెల్లగా పైకెత్తండి. వాల్యూమ్, టోన్ పాట్‌ల (నాబ్‌ల కింద ఉండే విద్యుత్ భాగాలు) మీద అంకెలుంటాయి. 1376633 అని ఉంటే 137 అంటే పాట్ తయారుచేసిన సీటీఎస్ కంపెనీ, 66 అంటే 1966, చివరి 33 ఆ ఏడాది 33వ వారం. మొదట 304 ఉంటే స్టాక్‌పోల్ కంపెనీ. ఇది పాట్ తయారైన తేదీ మాత్రమే. పాట్ అసలుదైతే గిటార్ అంతకంటే పాతది కాదు, కొత్తది కావచ్చు. అందుకే నెక్ విప్పి, దాని మడమ (బాడీలో కూర్చునే చివర) దగ్గర పెన్సిల్‌తో రాసిన లేదా ముద్ర వేసిన తేదీతో సరిపోల్చుకోండి.

టంకం మసకగా కాక కొత్తగా మెరుస్తుంటే పార్టులు మార్చారేమోనని అనుమానించాల్సిందే. పిక్‌గార్డ్ కింది గుంతల్లో రంగూ చూడండి. మళ్లీ పెయింట్ వేయించి ఉంటే ధర దాదాపు సగానికి పడిపోతుంది. దయచేసి మెరుగు కోసం మీరూ వేయించకండి!

బిగించేటప్పుడు డ్రిల్ మిషన్ వద్దు. స్క్రూను మొదట వెనక్కి (విప్పే వైపు) తిప్పి, పాత గాడిలో 'టక్'మని కూర్చున్నాకే చేత్తో బిగించండి. లేకపోతే చెక్కలో కొత్త గాడి పడి పట్టు పోతుంది.