సరదాకి చదివిన సైన్స్ ఇలా గుర్తుంటోంది

పరీక్షల్లేవు, మార్కుల్లేవు. ఆఫీసు పని అయ్యాక సరదాకి ఫిజిక్స్ చదువుతాను. చదువుతున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉండేది. వారం తిరిగేసరికి పేర్లు తప్ప ఏమీ మిగిలేవి కావు.

ఇప్పుడు అధ్యాయం అయిపోగానే పుస్తకం మూసేసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాస్తున్నాను. ఆకాశం నీలంగా ఎందుకుంటుందో చూడండి. "గాలిలో కాంతి చెదురుతుంది కాబట్టి" అని రాసేస్తే సరిపోదు. ఎంత చెదురుతుంది? రేలీ సూత్రం ప్రకారం తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా. అంటే కాంతి అల ఎంత పొట్టిదైతే అంత ఎక్కువ చెదురుతుంది: 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువ చెదురుతుంది. మరి ఊదా అల నీలం కంటే పొట్టిది, అది ఇంకా ఎక్కువ చెదరాలిగా? సరిగ్గా అక్కడ పెన్ను ఆగింది. సూర్యకాంతిలో ఊదా పాలు తక్కువ, మన కన్ను దాన్ని పట్టుకునేదీ తక్కువే. పెన్ను ఆగాక వెతికి చూసిన సంగతి మాత్రం బుర్రలో అలాగే ఉండిపోయింది.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే నెగ్గారు. వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

పెన్ను ఆగిన ప్రశ్నల్ని అంకీ అనే ఫ్లాష్ కార్డుల యాప్‌లో పెడతాను, అది మధ్యలో రోజుల ఎడం పెంచుకుంటూ మళ్లీ అడుగుతుంది. ఆసక్తి పోయిన కార్డుని మొహమాటం లేకుండా తీసేస్తాను. సిలబస్ ఏమన్నా ఉందా, టెన్షన్ పడటానికి!