పెరట్లో బాణాలు వేస్తుంటే పక్కింట్లో పడుతున్నాయా? ముందు నేల చూడండి

పెరట్లో బాణాలు వేసే రేంజ్ పెట్టుకున్నాం, ఏదో తేడాగా ఉంది, వచ్చి చూడమని ఎవరు పిలిచినా నేను ముందు చూసేది టార్గెట్‌ను కాదు, దొడ్డి తలుపును. అది టార్గెట్ పక్కనో వెనకో ఉంటుంది, దానికి గడియ ఉండదు. పాలు పోసే మనిషి, పక్కింటి పిల్లలు, కోళ్ళు అందరూ అటునుంచే వస్తారు. లోపలి గడియ వేశాకే విల్లు తీయండి. టార్గెట్ వెనక కట్టే నెట్‌కు వేలు పోసినవాళ్ళు కూడా ఇది చేయరు. చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది.

బాణం టార్గెట్‌లోంచి దూసుకుపోతోంది

రోజూ టార్గెట్ నడిమి పసుపు రంగు మీదే కొడుతుంటే అక్కడ గడ్డి గుల్లవుతుంది. కోతలయ్యాక మిషన్ చుట్టిన వరిగడ్డి కట్టలు పశువులకు సరే గానీ, కప్పీలుండే కాంపౌండ్ విల్లు నుంచి సెకనుకు 250 అడుగుల పైన వచ్చే బాణాన్ని ఆపలేవు. కట్టలు విప్పి, గడ్డిని పొరలుగా తొక్కి పేర్చి, కిందొక చెక్క పైనొక చెక్క పెట్టి లారీ బెల్టుతో బిగించండి. టార్గెట్ కాగితాన్ని అప్పుడప్పుడూ పక్కకు జరపండి. అక్టోబరు నుంచి మనకు పడే వానలకు గడ్డి పైకి బాగానే కనిపిస్తూ లోపల కుళ్ళుతుంది. వేలు తేలిగ్గా దిగిందంటే మార్చేయాల్సిందే.

బాణాలు పక్కింటివాళ్ళు తెచ్చిస్తున్నారు

'పైనుంచి పోయుంటుంది' అంటారు అందరూ. కొందరి విషయంలో నిజమే. విల్లును ఆకాశానికి ఎత్తి లాగి, దించుతూ గురి చూస్తారు. ఆ మధ్యలో వేలు జారిందా, బాణం రెండు వీధులు దాటుతుంది. విల్లును టార్గెట్‌కు సమంగా పెట్టి లాగండి. అలా లాగలేకపోతే ఆ విల్లు మీ బలానికి ఎక్కువ, తక్కువ పౌండ్లది, అంటే తక్కువ బలంతో లాగగలిగేది తీసుకోండి.

నన్ను ఏడిపించింది మాత్రం ఇది కాదు. మా దొడ్డి వెనక తాటాకు దడి, అవతల గేదెల కొట్టం. ఒకరోజు పక్కింటి పెద్దమ్మ వచ్చి, "అబ్బయా, ఇదిగో నీ బాణం, మా గేదె మేతలో ఉంది" అని ఇచ్చింది. నెట్ ఆరడుగులు ఎత్తుండేది, ఎనిమిదికి లేపాను. వారం తిరక్కుండా ఇంకొకటి. పదడుగులకు లేపాను. మూడోది గేదెను కట్టేసే గుంజ పక్కనే పడింది. ఈసారి పెద్దమ్మ బాణం ఇవ్వలేదు, కొట్టం చూరులో దోపింది. ఇప్పటికీ అక్కడే ఉంది, అడిగే మొహం నాకు లేదు.

ఆ సాయంత్రం కింద చతికిలబడి చూస్తే నల్లరాయి మీద సన్నటి తెల్ల గీత కనిపించింది. చీమకుర్తి గ్రానైట్ కటింగ్‌లో మిగిలిన ముక్కలు చవగ్గా దొరికితే దొడ్డంతా పరిచింది నేనే. తక్కువెత్తులో వచ్చిన బాణం మెత్తటి మట్టికి తగిలితే గుచ్చుకుంటుంది. నున్నటి రాతికి ఏటవాలుగా తగిలితే ఆగదు, చెరువులో విసిరిన పెంకులా కప్పగంతులేసుకుంటూ పోతుంది. నాది స్టాండు కాళ్ళ మధ్యగా, నెట్ కిందుగా పోయి, దడి మొదట్లో తాటాకు చివికిన చోట దూరింది. బురద అంటకూడదని నెట్ అంచును జానెడు ఎత్తి కట్టిందీ నేనే. పైకి లేపిన ప్రతిసారీ కింద సందు పెరిగింది!

టార్గెట్ ముందు నాలుగైదు మీటర్ల మేర బండలు తీసేసి, రాయీ రప్పా లేని ఇసుక పోయండి. టార్గెట్ కింద ఖాళీకి అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చండి. బండలు లేకపోయినా నిశ్చింతగా ఉండకండి, ఎండాకాలం మన నల్లరేగడి కూడా రాయిలాగే ఉంటుంది, గడ్డపారతో గుల్ల చేయండి. నెట్ అంచు నేల మీద రెండడుగులు పరుచుకుని ఉండాలి. షటిల్ నెట్‌లా బిగించారో, ములికి చీల్చుకుని పోతుంది. వదులుగా వేలాడితే బాణంతో పాటు తనూ వెనక్కి జరిగి దాని జోరు తీసేస్తుంది. రొయ్యల చెరువుల మీద పక్షులకు కట్టే వల చవకే, కానీ దీనికి పనికిరాదు. విలువిద్యకని అమ్మే నెట్టే కొనండి. ఇన్ని చేసినా దడిని గోడ అనుకోవద్దు, వెనక గట్టి గోడ లేకపోతే ఆ వైపు వేయకండి. ఆరు వేస్తే ఆరూ చేతికి రావాలి. ఒకటి తగ్గినా, అది దొరికేదాకా ఆట ఆపాలి.

రాతికి తగిలిన కార్బన్ బాణాన్ని తిప్పుతూ కొద్దిగా వంచి చూడండి. పగులు కనిపించినా, చిటపటమన్నా విరిచి పారేయండి. అలాంటిది వదిలేటప్పుడు పగిలి విల్లు పట్టిన చేతిలోనే దిగుతుంది.

బాణం ఎగిరి మీ వైపే వస్తోంది

స్టాండు గొట్టానికో మేకుకో తగులుతోంది. ఫ్రేము ముందు నుంచి కనపడకుండా వెనక్కి జరిపి, టార్గెట్‌ను 10 నుంచి 15 డిగ్రీలు వెనక్కి వాల్చండి.

సాయంత్రం సముద్రపు గాలికి బాణం పక్కకు పోతోందని కొందరంటారు. 18 మీటర్ల దూరానికి గాలి మీద నెపం పెట్టకండి, మీ చేతినే చూసుకోండి.